రొష్టు అడిగే మనిషి

ఆమె పోయిందని నాకు చెప్పింది పులివెందులలో ఆరోగ్యశాఖ కార్యాలయపు గుమాస్తా. ఆమె విషయంగానే ఒక కాగితం ఇవ్వడానికి నేను ప్రొద్దుటూరు నుంచి వెళ్లాను. అతను పై రెండు వరుసలు చదివి, ఆమె పేరు దగ్గర ఆగి, "ఈ సిస్టరమ్మ పోయింది గదా సార్, పదైదు దినాలాయ," అన్నాడు. మళ్లీ బదిలీ చేశారనుకున్నాను. ఈసారి ఏ ఊరికని అడిగాను. అతను కాగితాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. అప్పుడు తెలిసింది.

పొద్దున డ్యూటీకి పోతూ బస్సు కోసం నిలబడి, నిలబడినట్టే పడిపోయిందట. గుమాస్తా నాకు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

ఆమె కూడా ఎక్కడా కూర్చునేది కాదు. తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ నిలబడటమే. ఎడమ భుజానికి సంచి, ద్వారబంధానికి ఆనించిన నడుము, ఒక కాలు ఎప్పుడూ గడపకు బయట. ఎవరైనా కుర్చీ వేస్తే దాని వీపు మీద ఒకసారి తట్టి, "ఇది ఉండనీ, కూర్చుంటే మళ్ల లేసేకి మనసు రాదు," అనేది. కొప్పులో ఒక పెన్ను గుచ్చి ఉండేది. ఆమె రాసే పెన్ను చేతిలో వేరే ఉండేది. కొప్పులోది అడిగినవాళ్లకు ఇవ్వడానికట. సర్వేకు పోయిన చోటల్లా ఎవరో ఒకరు పెన్ను అడిగి ఎగ్గొడతారని, అందుకని ఎగ్గొట్టేవాళ్ల కోసం విడిగా ఒకటి పెట్టుకున్నానని చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వలేదు.

ఉద్యోగం ఊళ్లు తిరిగే నర్సు. గండికోట ప్రాజెక్టు నీళ్లు వచ్చి కొండాపురం వైపు ఊళ్లు మునిగినప్పుడు జనానికి కట్టిచ్చిన కాలనీలు ఉన్నాయి కదా, ఆ కాలనీలే ఆమె పరిధి. సొంత ఊరు జమ్మలమడుగు. దొరల కాలంలో పెట్టిన మిషను ఆసుపత్రి చుట్టూ పుట్టి పెరిగిన కుటుంబం. "మా అవ్వ ఆస్పత్రిలో గుడ్డలు ఉతికింది, మా యమ్మ గుడ్డలు మడిచింది, నేను గుడ్డ చుట్టతాండా," అనేది బీపీ పట్టీ చూపించి. ఆ ఇంట్లో ప్రభుత్వపు సర్వీసు రిజిస్టరులో పేరు ఎక్కిన మొదటి మనిషి ఆమె. ఆ పుస్తకంలో ఒక్క ఎర్రగీత కూడా లేదని, దాంతోనే రిటైరు కావాలని ఆమెకు పట్టుదల. ఇది ఆమె నోట నేను రెండు మూడుసార్లు విన్నాను. మామూలుగా ఏ సంగతీ రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

బీపీ చూసే పద్ధతి కూడా ఆమెది ఆమెదే. మిగతావాళ్లు ముందు ప్రశ్నలన్నీ అడిగి చివర చేతికి పట్టీ చుడతారు. ఈమె ముందు చుట్టి, అంకెలు రాసుకుని, పట్టీ విప్పకుండా నిలబడి అడిగేది: "నీ రొష్టు ఏంది?"

"విప్పితే లేసి పోతారు సార్. కట్టేసినంత సేపే మనిషి మన మాట వింటాడు," అని ఒకసారి నాతో అంది.

ఏమీ లేదంటే ఒప్పుకునేది కాదు. పొలం అన్నా, కొడుకు అన్నా కూడా ఒప్పుకునేది కాదు. "కొడుకు రొష్టు కాదు. కొడుకు చేసేది యాదో అది రొష్టు. ఏం చేసినాడు? ఎప్పుడు? యాడ?" అని పట్టేది. ఆ మూడింటికీ జవాబు వచ్చేదాకా చెయ్యి ఆమె చేతిలోనే ఉండేది. కొందరు విసుక్కుని, నువ్వే పెద్ద రొష్టయితివి తల్లీ అని తిట్టేవాళ్లు. అది కూడా రాసుకునేది.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ మాటకు పోటీగా నేనొక మాట పుట్టించాను కాబట్టి.

మా కుటుంబం సంగతి ఇక్కడ ఎక్కువ చెప్పను. జమ్మలమడుగు తాలూకాలో మా ఇంటి ముందు జనం చెప్పులు చేత పట్టుకుని నడిచిన కాలం ఒకటుండేది. అది మంచి కాలమని నేను అనడం లేదు, ఉండేదని చెబుతున్నాను. ఇప్పుడు ప్రొద్దుటూరులో రెండు గదుల అద్దె ఇల్లు, ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే పని. తాత నుంచి నాకు దక్కింది తప్పు లేకుండా తెలుగు రాయడం ఒక్కటే. దాన్నయినా పోనివ్వకూడదని నా పంతం.

ఒక ఆరోగ్య సర్వే ఫారం ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు చేసి అచ్చు వేయాలి. యజమాని నాకిచ్చాడు. అందులో ఒక గడి ఉంది, మనిషి నెత్తిన ఒత్తిడి తెచ్చే విషయాలేమిటో రాయడానికి. ఆ గడికి పేరు పెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. చివరకు 'ఒత్తిడి కారకాలు' అని పెట్టాను. మాట బిగువుగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకున్నాను. ఫారాలు కట్టలు కట్టి పోయాయి.

నెల తిరగకుండానే ఒక మధ్యాహ్నం ఆమె ముద్రణాలయం గుమ్మంలో నిలబడి, ఈ మాట కట్టింది ఎవరని అడిగింది. యజమాని నావైపు వేలు చూపించాడు. ఆమె లోపలికి వచ్చి, నింపిన ఫారాలు నా ప్రూఫుల మీదే పరిచింది. జనం చెప్పింది చెప్పినట్టే రాసి ఉంది. 'ఒత్తిడి కారకాలు' అనే గడిలో ఒకరిది 'తగ్గించినాను'. ఇంకొకరిది 'ఇంట్లో దంచిందే, అంగడిది కాదు'. మరొక ముసలమ్మది 'కారం ల్యాకుంటే సంగటి ఎట్ల దిగుతాది'.

కారకాలు అన్న మాట వాళ్ల చెవికి కారం అని వినిపించింది. బీపీ చూసే నర్సు అడుగుతోంది కదా, ఉప్పు తర్వాత కారమే అడుగుతుందని జవాబిచ్చారు. మా యజమాని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు.

"అర్థమైనోళ్లు కొందరు ఉండారు సార్. వాళ్లతో ఇంకా కష్టం," అంది ఆమె. వాళ్లు కారకాలు అనే మాటను కారకులు అని తీసుకున్నారట. ఒత్తిడికి కారకులెవరో పేరు చెప్పమంటున్నారని, చెబితే అది స్టేషనుకు పోతుందని బెదిరి, తలుపులు వేసుకున్నారట. మా ప్రాంతంలో ఒకరి పేరు కాగితం మీద పెట్టడమంటే సాక్ష్యం చెప్పినట్టే. దానికి ఎన్ని తరాలు మూల్యం చెల్లించాయో మా ఇంటికీ తెలుసు.

జనానికి చదువు లేకపోతే అది మాట తప్పు కాదన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. జనం తప్పు లేదు, మీ తప్పూ లేదు, ఆ గడిలో రొష్టు అని వేయండి చాలు అంది. రొష్టు అచ్చులో వేసే మాట కాదన్నాను. పిల్లలు అల్లరి చేస్తే తల్లులు విసుక్కుని అనే మాట అన్నాను.

"తల్లులు ఏమంటారు సార్? రొష్టు పెట్టాకురా అంటారు. అంటే ఒకరు పెట్టేది, ఒకరు పడేది. దిగులు ఎవురూ పెట్టరు, అది లోపల పుడతాది. రొష్టు బయట నుంచి వస్తాది. వేలు పెట్టి చూపీగలిగితే అది రొష్టు, చూపీల్యాకపోతే దిగులు. దిగులుకు డాక్టరుతో మాత్ర రాపిస్తా. రొష్టుకు మాత్ర ఏం చేస్తాది?"

నా దగ్గర ఉన్న నిఘంటువులు రెండూ ఆ మాటకు కష్టమనో ఇబ్బంది అనో చెప్పి ఊరుకున్నాయి. ఈ తేడా వాటిలో లేదు. లేదని ఆమెతో అనలేదు. ఫారం ఆమోదం పొందింది, మార్చడానికి వీల్లేదన్నాను. ఆమె సరేనంది. చేతిలోని పెన్నుతో, నా కళ్లముందే, ఖాళీ ఫారాల కట్ట విప్పి ఒక్కొక్కదాని మీద నా మాటను అడ్డంగా కొట్టి పైన రొష్టు అని రాసుకుంటూ పోయింది. నిలబడే రాసింది. ప్రతి గీతా చిన్న చప్పుడు చేసింది. నేను లేచి బయటికి వెళ్లి వీధిలో ఆ చివరకూ ఈ చివరకూ నడిచాను.

ఆ ఫారాలు పైకి పోయాక ఆమెకు మెమో వచ్చింది. అధికారిక పత్రాన్ని అనుమతి లేకుండా దిద్దినందుకు సంజాయిషీ. తృప్తికరంగా లేకపోతే సర్వీసు రిజిస్టరులో ఎక్కుతుంది, కాలనీల నుంచి బదిలీ కూడా అవుతుంది. ఆమె మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. ఈసారి రెండు కాళ్లూ లోపలే ఉన్నాయి. ఫారం రాసింది మీరే గనుక, రెండు మాటలూ ఒకటేనని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి, దాన్ని సంజాయిషీకి జత చేస్తానంది.

"బదిలీ అయితే అయితాది సార్. పుస్తకంలో ఎక్కకుండా ఉంటే చాలు."

చూడకుండా రాయలేనన్నాను. నా మాట అర్థం కాదంటే నేను నమ్మలేదు, అదీ సంగతి. ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి ఆమె వెంట కాలనీకి వెళ్లాను. వరుసగా ఒకే తీరు ఇళ్లు, ఒకే కొలత వీధులు. ఒక ఇంటి అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆమె పట్టీ చుట్టి, అంకె రాసుకుని, మీరే అడగండని నాకు సైగ చేసింది. నేను గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం విడదీసి, మీకు ఒత్తిడి కారకాలు ఏమైనా ఉన్నాయా అని అడిగాను.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఈ అప్ప గూడా కారమే అడుగుతాండాడు. తగ్గించినా అని చెప్పినా గదమ్మా."

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది. "తగ్గించింది నేను. ఆయప్ప చేసింది తిట్టేది."

"అది ఉండనీ మామా," అంది సిస్టరు. "నీ రొష్టు ఏంది?"

ముసలాయన పట్టీ లేని చెయ్యి ఎత్తి ఎదురింటి తలుపు చూపించాడు. ఆ తలుపు మూసి ఉంది.

ఆ ఇంటివాళ్లకూ వీళ్లకూ రెండు తరాలుగా మాటలు లేవు. పాత ఊళ్లో ఒకరిది తూర్పు కొస, ఒకరిది పడమటి కొస. కాలనీలో ఇళ్లు చీటీలు తీసి ఇచ్చారు. చీటీల్లో ఇద్దరికీ తలుపుకు తలుపు పడింది.

"ఊర్లో ఉన్నెప్పుడు వాడు ఏడాదికొకసారి కనపడేటోడు. ఈడ పొద్దున తలుపు తీస్తే వాని మొగమే. పండ్లు తోమేకి వాడూ అప్పుడే వస్తాడు. నేను లోపలికి పోతే భయపడినాడనుకుంటాడు. వాడు పొయ్యేదాకా పుల్ల నముల్తా నిలబడుకోవాల. దినామూ."

మరి ఊరే మునిగిపోయింది కదా, అది ఏమీ కాదా అని అడిగాను. మునిగిన ఊళ్ల చుట్టుపక్కల మాకు కూడా భూములుండేవి, అందుకే అడిగాను.

"అది దిగులులేప్పా," అన్నాడాయన. "దాన్ని ఏం చేసేకయితాది? ఇది రొష్టు."

ఆమె నావైపు చూడలేదు. పక్క గోడకు వాకిలి తిప్పుకోమని ఆయనకు చెప్పింది. వాడు ముందు తిప్పుకోనీ అన్నాడు. వానికి కూడా ఇదే రొష్టట, పోయిన వారం చెప్పాడని ఆమె మెల్లగా అంది. ముసలాయన నడుము నిటారుగా లేచింది. "నన్ను చూస్తే వానికి రొష్టంటనా?" అని అడిగి, ఇంకోసారి చెప్పించుకున్నాడు. ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ వాకిళ్లు తిప్పుకున్నారని విన్నాను, ఒకాయన ఉత్తరానికి, ఒకాయన దక్షిణానికి.

బస్సు దాకా ఆమె నాతో వచ్చింది. చూశారా అని కూడా అనలేదు. అని ఉంటే నేను వాదించి ఉండేవాణ్ణి, వాదిస్తే ఓడి ఉండేవాణ్ణి, ఓడితే బహుశా సరిగ్గా రాసి ఉండేవాణ్ణి.

నేను రాసింది ఇది. 'రొష్టు అనే మాటను ఈ ప్రాంతంలో ఒత్తిడి కారకం అనే అర్థంలోనే వాడుతున్నారు. అయినా అది శిష్టవ్యవహారంలోని మాట కాదు గనుక, ముద్రిత పత్రంలో దిద్దే ముందు అనుమతి పొంది ఉండవలసినది.' మొదటి వాక్యం ఆమె అడిగింది. రెండోది ఎవరూ అడగలేదు. మొదటిది రాశాక కలం ఆగలేదు. నా మాట పనికిరాలేదని ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని దానికి కాపలాగా రెండోది పెట్టాను. కవరు అంటించి ఆమె చేతికిచ్చాను. ఆమె విప్పి చూడలేదు. నన్ను అంత నమ్మింది.

పై అధికారి ఆ రెండో వాక్యాన్నే ఎత్తి రాసి శిక్ష వేశాడు. సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. బదిలీ కూడా అయింది, చక్రాయపేటకు. ఆ ఊరు పులివెందుల కార్యాలయం కిందిది, ఆమె ఫైలూ అక్కడికే పోయింది.

పోయే ముందు ఆమె మూడోసారి వచ్చింది. నేను తల ఎత్తలేదు. ప్రూఫు దిద్దుతున్నట్టు పెన్ను కదిలిస్తూ ఉన్నాను.

"మీ కాయితం బాగుంది సార్," అంది. "ఒక్క అచ్చుతప్పు ల్యా."

తర్వాత సంచిలోంచి బీపీ మిషను తీసి, అడగకుండానే నా చెయ్యి పట్టుకుని పట్టీ చుట్టింది. యజమాని, పనివాళ్లు చూస్తున్నారు. చెయ్యి లాక్కోవడం మర్యాద కాదని ఊరుకున్నాను. గాలి నింపింది, వదిలింది, అంకె చూసింది, రాసుకుంది. పట్టీ విప్పలేదు. నాకు ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. వచ్చింది. అందరినీ నువ్వని అడిగే ప్రశ్నను నన్ను మీరని అడిగింది, అంతే తేడా.

నాకు అలాంటివి లేవన్నాను. మా ఇంట్లో ఎవరికీ లేవని కూడా అన్నాను.

ఆమె ఎదురు చూసింది. ఎవరి దగ్గరా అంతసేపు చూసి ఉండదు. బయట ఆటో ఒకటి హారను కొడుతూ ఉంది, ఆమె కోసమే. చివరకు పట్టీ విప్పి, చుట్ట చుట్టి, సంచిలో పెట్టుకుంది. అంకె ఎక్కువుందని, ఉప్పు తగ్గించి ఎవరైనా డాక్టరుకు చూపించమని చెప్పి వెళ్లిపోయింది. రొష్టుకు మాత్ర పనిచేయదని నాకు చెప్పిన మనిషి నాకు డాక్టరు దగ్గరికి దారి చూపించింది. తన ప్రశ్నకు జవాబు రాని వాళ్లతో ఆమె అలాగే చేస్తుందని నాకు తర్వాత తట్టింది.

ఆ పైన నాకు కుదురు లేదు. ఇంకొక కాగితం రాయాలని కూర్చునేవాణ్ణి. మొదటి వాక్యం బాగానే వచ్చేది. రెండో వాక్యానికి వచ్చేసరికి 'అయినా' అనో 'కాని' అనో పడేది. చింపేవాణ్ణి. రోడ్డెక్కి ఊరి చివరి దాకా నడిచి వచ్చేవాణ్ణి. మళ్లీ కూర్చునేవాణ్ణి. చక్రాయపేట నుంచి వచ్చినవాళ్లు అప్పుడప్పుడు చెప్పేవాళ్లు, అక్కడ కూడా పట్టీ విప్పకుండా నిలబడి అడుగుతోందని. పొరుగు ఊళ్ల నర్సులు కూడా ఇప్పుడు అట్లే అడుగుతున్నారని. వింటూ తల ఊపేవాణ్ణి. ఆమెను చూడటానికి మాత్రం వెళ్లలేదు. వెళితే ఏం తీసుకుని వెళ్లాలి?

పోయిన నెల అదే సర్వే ఫారం రెండో ముద్రణకు వచ్చింది. పైనుంచి దిద్దిన ప్రతి. నేను ఆ గడి దగ్గరకు వచ్చాను. 'ఒత్తిడి కారకాలు' అని ఉంది. పక్కనే కుండలీకరణంలో రొష్టు అని ఉంది. కింద ఆమోదముద్ర, సంతకం. అంతమంది నర్సులు అడిగి అడిగి ఆ మాట మెట్లెక్కి పైకి పోయి, ముద్ర వేయించుకుని, నా బల్ల మీదికి దిగింది. మాటకు అనుమతి వచ్చింది. ఆ మాట రాసిన మనిషి పుస్తకంలో ఎర్రసిరా మాత్రం అలాగే ఉంది. దాన్ని అక్కడ పెట్టించింది ఏ అధికారీ కాదు, నేను.

ప్రూఫు మీద దిద్దడానికి ఏమీ లేదు. సంతకం పెట్టి పంపించాను. ఆ రోజే కూర్చుని మూడు వాక్యాలు రాశాను. ఇంతకుముందు నేనిచ్చిన లేఖలోని రెండో వాక్యం తప్పు. దాని ఆధారంగా ఈమె రిజిస్టరులో ఎక్కినది తొలగించవలసినది. రొష్టు అనే మాటే సరైనది, నా మాట ఎవరికీ అర్థం కాలేదు. అంతే. చింపలేదు. చింపకుండా ఉండడానికి జేబులో పెట్టుకుని నాలుగు వారాలు తిరిగాను. ఆ నాలుగు వారాలకు నా దగ్గర సంజాయిషీ లేదు. ఆమె పోయి పదిహేను రోజులంటే, ఆ కాగితం అప్పటికే నా జేబులో ఉంది.

గుమాస్తా కాగితం మొత్తం చదివాడు. మంచివాడే. "పోయిన మనిషి ఫైలుకు ఇప్పుడు ఇదేమిటికి సార్? మెమో ఉన్నా ఒకటే, ల్యాకున్నా ఒకటే," అన్నాడు.

ఆమె సర్వీసు రిజిస్టరు ఎక్కడుంటుందని అడిగాను. రికార్డు గదిలో అన్నాడు. ఎన్నాళ్లుంటుందన్నాను. అది అట్లే ఉంటాదన్నాడు. అయితే ఇది కూడా దాంట్లో ఉండాలి, ముద్ర వేసి నంబరు ఇవ్వండన్నాను. అతను వచ్చిన కాగితాల పెద్ద రిజిస్టరు ముందుకు లాక్కుని, తేదీ రాసి, విషయం అనే గడి దగ్గర ఆగాడు.

"సవరణ అని రాసుకుంటాలే సార్."

"సవరణ కాదు. తప్పు అని రాయండి."

"ఎవురిది? సిస్టరమ్మదా?"

"నాది," అన్నాను. నా పేరు చెప్పాను. మా ఇంటిపేరుతో సహా చెప్పాను. జమ్మలమడుగు వైపు ఆ ఇంటిపేరు చెబితే ఇంకా కొందరు ముసలివాళ్లు తల తిప్పి చూస్తారు. అతనికి అది తెలియలేదు. పేరు మాత్రం రాసి, పెన్ను ఎత్తాడు.

"ఇంటిపేరు పట్టదు సార్. గడి చిన్నది."

"పట్టేటట్టు రాయండి," అన్నాను.